సముద్రం రెండు నిమిషాలు

మా ఊరి గురించి అచ్చువేసే రంగు కాగితాల్లో ఉన్నదంతా అబద్ధం. ఏడాదికి రెండొందల రోజులు ఎండ కాస్తుందని రాస్తారు. ఆ లెక్క వేసినవాణ్ణి పట్టుకొచ్చి నవంబరులో మా వీధిలో నిలబెట్టాలి. మా నారింజేతిలో ఎండ మూడు నెలలు, వాన తొమ్మిది నెలలు. బీరువాలో పెట్టిన బూట్లకి కూడా బూజు పడుతుంది. ఆ మూడు నెలల కోసం మిగతా ఏడాదంతా పరుపులు పొయ్యి దగ్గర ఆరబెట్టుకుంటూ, గోడలకి సున్నం కొట్టుకుంటూ బతుకుతాం. రాజధాని త్బిలిసి నుంచి వచ్చే రైలు దిగినవాళ్ళు యూకలిప్టస్ చెట్ల కింద నిలబడి గుండెల నిండా గాలి పీల్చుకుని, "మీకేమండీ, అదృష్టవంతులు. రోజూ సముద్రమే!" అంటారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మేం సముద్రం మొహం చూస్తే ఒట్టు. వాళ్ళ దుప్పట్లు ఉతుక్కుంటూ ఉంటాం.

సీజను మొదలయ్యిందంటే మా ఆడవాళ్ళంతా అట్టముక్కలు పట్టుకుని స్టేషను ముందు బారులు తీరతారు. ప్రతి అట్ట మీదా ఒకటే రాత. "గది ఉంది. సముద్రం రెండు నిమిషాలు." కొండ మీద తేయాకు తోటల పక్కన ఇల్లున్న ఆవిడా రెండు నిమిషాలే అంటుంది, రైలు కట్టకి అవతల ఉండే ఆవిడా రెండు నిమిషాలే అంటుంది. పెట్టెలు మోసుకుంటూ అరగంట నడిచాక ఎవరైనా నిలదీస్తే, "కుర్రాళ్ళు పరిగెడితే రెండు నిమిషాలేనండీ" అని తడుముకోకుండా చెబుతారు. ఇది మా ఊరి ఆచారం. మావాళ్ళలో ఎవరూ దీన్ని అబద్ధం కింద లెక్కవెయ్యరు.

ఆ అట్టల్లో ఒక్కదాని మీదే ఆ మాట నిజంగా నిజం. అది మా పక్కింటి జుజునాది.

జుజునా అంటే మా భాషలో సన్నటి ముసురు. ఆ పేరు పెట్టినవాళ్ళు తెలిసే పెట్టారు. గొంతు పెంచి ఒక్క మాట అనదు, పట్టిందంటే మాత్రం ఆగదు. అరవై నాలుగేళ్ళు. ఒకప్పుడు సముద్రం ఒడ్డున పెద్ద ఆరోగ్యనిలయం ఉండేది. దాని చాకిరేవులో ఇరవై రెండేళ్ళు పనిచేసింది. అది మూతపడ్డాక ఇంట్లో మూడు గదులు ఖాళీ చేసి సీజనుకి అద్దెకివ్వడం మొదలుపెట్టింది. మొగుడు జెమాల్ సముద్రం ఒడ్డు తోటలో మాలి. తాటిచెట్లకి చలికాలం గోనెలు చుట్టడం, వేసవిలో విప్పడం, అదే ఆయన జీవితం. ఊపిరితిత్తుల జబ్బుతో పోయి తొమ్మిదేళ్ళయింది.

జెమాల్ మిగిల్చి వెళ్ళినదల్లా ఒక గేటు. ఆరోగ్యనిలయం మూసేసినప్పుడు ఒడ్డున బట్టలు మార్చుకునే చెక్క గదుల్ని పడగొట్టారు. ఆ పలకలు నాలుగు తెచ్చి, నీలం రంగు వేసి, పెరటి చివర గేటు చేశాడు. వంటింటి గుమ్మం దాటితే అంజూరపు చెట్టు. అక్కణ్ణుంచి ముప్ఫై గజాలు కమలాచెట్లు, మొత్తం పదకొండు. ఆ తర్వాత నీలం గేటు, దాటితే గులకరాళ్ళు, నీళ్ళు. గుమ్మం నుంచి నీళ్ళకి నూట నలభై అడుగులని జెమాల్ లెక్కపెట్టాడు. ఆ గేటుకి తాళం ఉండేది కాదు. మా వీధి వీధంతా దాన్లోంచే సముద్రానికి వెళ్ళేవాళ్ళం. జుజునా ఇంటికి జనం వచ్చేది ఆ గేటు కోసం. గోడల బూజు చూసి ఎవరొస్తారు? ఆ గేటే లేకపోతే జుజునాకి కూడు లేదు, మాకు సముద్రం లేదు. ఇది ఇక్కడే చెప్పేస్తున్నాను, తర్వాత నా కోపం ఎందుకని ఎవరూ అడక్కండి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా దగ్గర గడప తొక్కే మనుషులు రెండు రకాలు. ఒకడు సీజనోడు, ఇంకొకడు చుట్టం. సీజనోడికి మంచం, తువ్వాలు, పొద్దున్న ఒక బకెట్టు వేడినీళ్ళు ఇస్తాం. వంటింట్లోకి రానివ్వం. మర్యాదగా 'మీరు' అంటాం, డబ్బు తీసుకుంటాం. చుట్టం నేరుగా వంటింట్లోకి వచ్చి గిన్నెల మీద మూతలు తీసి చూస్తాడు. వాణ్ణి 'నువ్వు' అంటాం. వాడి దగ్గర డబ్బు తీసుకున్నవాడి మొహం మళ్ళీ ఎవరూ చూడరు. రక్తసంబంధం ఉండక్కర్లేదు. బల్ల దగ్గర, రొట్టె ఎదురుగా, గ్లాసు చేత్తో పట్టుకుని ఇంటివాళ్ళు ఆ మాట అంటే చాలు. గ్లాసు చేతిలో ఉండగా అన్న మాట మా దగ్గర వెనక్కి తీసుకోరు.

రేవజ్ మొదట సీజనోడిగానే వచ్చాడు. త్బిలిసిలో భూములు కొలిచే ఉద్యోగం. పెళ్ళాం మనానా, నాలుగేళ్ళ కూతురు తాతియా. మూడో వేసవిలో ఆ పిల్లకి వొళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. జుజునా రెండు రోజులు మంచం వదల్లేదు. వెనిగర్‌లో ముంచిన గుడ్డలు నుదుటి మీద మారుస్తూ, చెంచాతో దానిమ్మ రసం పోస్తూ కూచుంది. మూడో రోజు పిల్ల లేచి మొక్కజొన్న పొత్తు కావాలంది. ఆ మధ్యాహ్నం ద్రాక్షపందిరి కింద బల్ల వేశారు. నేనూ ఉన్నాను. రేవజ్ ఏడుస్తూ జుజునా చెయ్యి ముద్దుపెట్టుకుని, "ఇవాళ్టి నుంచి నువ్వు మా అమ్మవి" అన్నాడు. జుజునా లేచి నిలబడి గ్లాసు ఎత్తింది.

"అయితే నువ్వు ఇవాళ్టి నుంచి సీజనోడివి కావురా. ఈ ఇంటి చుట్టానివి. ఈ రొట్టె సాక్షి."

ఆ పూట నేను కూడా కళ్ళు తుడుచుకున్నాను. తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అప్పట్నుంచి ప్రతి ఆగస్టులో, ఒక్క మంచానికి ముగ్గురు కొట్టుకునే రోజుల్లో, సముద్రం వైపున్న మంచి గది రెండు వారాలు ఆయనగారిదే. చంకలో ఒక పుచ్చకాయ పెట్టుకుని దిగేవాడు. అంతే! పుచ్చకాయకి ప్రతిగా రోజూ పొద్దున్న వెన్నలో కరిగించిన జున్ను, మధ్యాహ్నం గుడ్డు కొట్టి పోసిన పడవ ఆకారపు రొట్టె, వాల్‌నట్ ముద్దతో వంకాయలు, వెళ్ళేటప్పుడు రెండు సీసాల అంజూరపు మురబ్బా. నేను ఉండబట్టలేక అనేదాన్ని.

"ఏమే, అంత పుచ్చకాయ మన సంతలో దొరకదా?"

"దొరుకుతుంది. నువ్వు కొనిస్తావా?" అనేది జుజునా.

ఐదేళ్ళు అలా గడిచాయి. ఆరో ఏడు ఏప్రిల్లో, జోరువానలో, రేవజ్ ఒక్కడూ వచ్చాడు. ఏప్రిల్లో మా ఊరికి కుక్క కూడా రాదు. జుజునా ఎంత సంబరపడిందో చెప్పలేను. ఎండలో వచ్చేవాడు సముద్రం కోసం వస్తాడు, వానలో వచ్చినవాడు నా కోసమే వచ్చాడని ఆవిడ లెక్క. నాలుగు రోజులు ఉన్నాడు. మూడో రోజు వాన కాస్త తెరిపిచ్చింది. సంచీలోంచి కొలత టేపు తీశాడు.

"అమ్మా, ఇప్పుడు ఊళ్ళో అందరి భూములూ కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నారు. నీ కాగితాలన్నీ పాతకాలపువి. నేనుండగా నీకు బెంగెందుకు? కొలిచి సరిచేయించేస్తాను."

"ఎందుకురా నీకు శ్రమ! సెలవులకొచ్చి ఇదేం పని?"

"అమ్మకి చెయ్యకపోతే ఇంకెవరికి చేస్తాను? ఇదిగో, ఆ కొస పట్టుకో. లాగి పట్టుకో."

పట్టుకుంది. నేను కంచె ఇవతల నుంచి కళ్ళారా చూశాను. బురదలో రబ్బరు బూట్లు వేసుకుని, రెండు చేతులతో టేపు కొస పొట్టకి అదిమిపెట్టుకుని, ఫొటో దిగుతున్నంత నిటారుగా నిలబడింది. అంజూరపు చెట్టు దగ్గర.

"అక్కణ్ణుంచా? గేటు ఇంకా కిందకుందిరా," అంది.

"కాగితంలో ఇల్లు ఇక్కడితో ఆగుతుందమ్మా. కమలాలకి వేరే కాగితం. అది తర్వాత చూద్దాం."

సాయంత్రం బల్ల దగ్గర రేవజ్ ఒక కాగితం తీశాడు. అప్పటికే తినడం అయింది, గ్లాసులు నిండి ఉన్నాయి. జుజునా ముందు పెట్టి కలం ఇచ్చాడు. ఆవిడ సంతకం చేసింది. పొరుగువాళ్ళది కూడా ఒక సంతకం కావాలట. కాగితం నా ముందుకి జరిగింది. దాని మీద పటం ఉంది, గీతలున్నాయి, అంకెలున్నాయి. నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు బడిలో భూగోళం చెప్పినదాన్ని. పటం చదవడం రాదన్న పిల్లల చేత గోడ కుర్చీ వేయించినదాన్ని. కళ్ళజోడు మెడలోనే వేలాడుతోంది. ఎత్తి పెట్టుకోలేదు. బల్ల దగ్గర చుట్టం ఇచ్చిన కాగితం కళ్ళజోడు పెట్టుకుని చదవడమంటే, వాడు పోసిన గ్లాసు వాసన చూసి తాగడమే. మావాళ్ళెవరూ ఆ పని చెయ్యరు. రాసే చోటు వేలితో చూపించాడు. పెట్టాను.

ఆ రెండో సంతకం నాదని మా వీధిలో ఎవరికీ తెలియదు. వీళ్ళంతా ఇన్నాళ్ళూ జుజునానే తిట్టారు, నేను వింటూ ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను. నాదే.

ఆ ఆగస్టులో రేవజ్ రాలేదు. పని ఎక్కువగా ఉందని ఫోన్ చేశాడు. ఆయన కోసం అట్టేపెట్టిన గది రెండు వారాలూ ఖాళీగా పడి ఉంది. ఎవరడిగినా జుజునా ఇవ్వలేదు. "వాడికి చివరి నిమిషంలో వీలు కుదిరితే?" అంది.

అక్టోబరు మొదటి వారంలో లారీ వచ్చింది. నలుగురు మనుషులు దిగి, అంజూరపు చెట్టుకి రెండడుగుల అవతల ఇనప గుంజలు పాతి పచ్చ వల కట్టారు. దాని మీద పెద్ద బోర్డు. మెరిసే అద్దాల మేడ, నీలం ఈతకొలను, పన్నెండు అంతస్తులు. పేరు 'నీలి తీరం'. ఎక్కడో రాజధానిలో ఉండే కంపెనీ. కమలాచెట్లు వల అవతల ఉండిపోయాయి. నీలం గేటూ అవతలే ఉండిపోయింది. కంపెనీ మనిషి చాలా మర్యాదగా కాగితం చూపించాడు. అంజూరపు చెట్టుతో తన ఇల్లు అయిపోతుందని ఇంటావిడే ఒప్పుకుని సంతకం చేసింది, పొరుగావిడ సాక్షి. మిగిలిన నేలకి కాగితాలు లేవు, కాబట్టి ఎవరిదీ కాదు, కాబట్టి అమ్మేశారు, కాబట్టి కొన్నాం. కొలిచింది మా కంపెనీ ఉద్యోగి. ఇదిగో ఆయన సంతకం.

జుజునా ఆ సంతకం వంక చూసి, "వాడి రాత ఇదే. తాతియా పుస్తకాల మీద పేర్లు ఇలాగే రాసేవాడు," అంది.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడని మాటవరసకి అంటాం. ఈ దౌర్భాగ్యుడు నిజంగా టేపు పెట్టి లెక్కపెట్టాడు. కొస ఇంటావిడ చేతనే పట్టించాడు! ఫోన్ చేశాను. ఎత్తలేదు. పదిసార్లు చేశాను. పదకొండోసారి మనానా ఎత్తి, "ఆయన ఇంట్లో లేరు ఎతేరి గారూ" అంది. ఇంట్లోనే ఉన్నాడు, దగ్గడం నాకు వినపడింది.

మా అన్నయ్య కూతురు ఖాతునా బతూమిలో వకీలు. వచ్చి కాగితాలన్నీ ముందేసుకుని ఒక పూట చదివింది. నా సంతకం దగ్గరికి వచ్చినప్పుడు కళ్ళెత్తి నన్ను చూసింది.

"చదవకుండా పెట్టానంటే నమ్ముతారా?" అని అడిగాను.

"జాగ్రఫీ టీచరువి అత్తా. నేనే నమ్మను." జుజునా వైపు తిరిగింది. "చూడు పెద్దమ్మా, వాళ్ళ కేసంతా ఒక్క మాట మీద నిలబడి ఉంది. 'ఇంటావిడ తన మనిషి చేత, తన ఇష్టంతో కొలిపించుకుంది' అని రాశారు. ఆ 'తన మనిషి' అనేది పడగొట్టామనుకో, మొత్తం కూలిపోతుంది. విచారణలో అడుగుతారు, ఆయన నీకేమవుతాడని. నువ్వు చెప్పాల్సింది ఇంతే. సీజనుకి అద్దెకొచ్చే మనిషి, నాకేమీ కాడు, నేను కొలవమని అడగలేదు, కంపెనీ మనిషినని నాకు చెప్పలేదు. అంతే. కొలత చెల్లదు, మళ్ళీ కొలవాల్సిందే. గేటు నీకొచ్చేస్తుంది."

"అద్దె ఎప్పుడిచ్చాడని అడిగితే?"

"మొదటి రెండేళ్ళూ ఇచ్చాడుగా! అది అబద్ధం కాదుగా!"

జుజునా తల ఊపింది. ఒప్పుకున్నట్టే ఊపింది, నేను ఒట్టేసి చెబుతాను.

విచారణ జనవరిలో. గదిలో మేం ముగ్గురం, కంపెనీవాళ్ళిద్దరు, రేవజ్, బల్ల వెనక అధికారి. రేవజ్ కొత్త కోటు వేసుకుని బల్ల అంచు మీదే చూపు పెట్టుకుని కూచున్నాడు. అధికారి చెడ్డవాడేం కాదు, ముసలాయన, రెండుసార్లు అడిగి మరీ రాసుకున్నాడు.

"అమ్మా, ఈయన మీకేమవుతారు?"

జుజునా రేవజ్ వైపు చూసింది. నేను మోకాలితో పొడిచాను. ఖాతునా కలం కొస కొరుకుతోంది.

"చుట్టం," అంది జుజునా.

"అంటే, బంధువా?"

"చుట్టమండీ. మా ఇంటి చుట్టం. ఐదేళ్ళ నుంచి."

"కొలత టేపు మీరు పట్టుకున్నారా?"

"చుట్టం పట్టుకోమన్నాడు, పట్టుకున్నాను."

అధికారి రాసుకున్నాడు. కంపెనీ మనిషి చేతిలో కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. అంత త్వరగా అయిపోయింది. ఖాతునా కళ్ళు మూసుకుంది. రేవజ్ ఒక్కసారి తలెత్తి జుజునాని చూశాడు, మళ్ళీ దించుకున్నాడు.

బయట వాన. గొడుగు కూడా తెరవకుండా అరిచాను. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు, చూస్తే చూశారు.

"నీకేమైనా మతి పోయిందా! ఒక్క మాటే! ఒక్క మాట మింగితే గేటు దక్కేది! చుట్టమై వచ్చి దెయ్యమై పట్టినవాణ్ణి ఇంకా చుట్టమంటావా?"

"నేను గ్లాసు పట్టుకుని అన్నానే."

"గ్లాసుట! వాడు దొంగే!"

"వాడు దొంగైతే నేను అబద్ధాలకోరునవ్వాలా?" జుజునా గొంతు పెంచలేదు. వానలో తడుస్తూ నిలబడింది. "ఏప్రిల్లో వచ్చినవాడు చుట్టమే. నేను టేపు పట్టుకున్నది చుట్టం కోసమే. జరిగిపోయినదాన్ని కాదని ఎలా చెప్పను? రేపు మళ్ళీ వస్తే ఏమంటానో అది రేపటి సంగతి."

"రేపటిదాకా నీకు సముద్రం ఉంటుందా?"

ఇరవై రోజులు నేను ఆవిడతో మాట్లాడలేదు. కంచె ఇటు నేను, అటు ఆవిడ, మధ్యలో వాన. వీధివాళ్ళు మాత్రం మాట్లాడారు. ముసలిది పరువు కోసం మా దారి తాకట్టు పెట్టిందన్నారు. ఇంతకు ముందు ఆ గేటులోంచి ఇరవై ఏళ్ళు ఊరికే నడిచినవాళ్ళే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు వంతులవారీగా అర్జీలు రాశారు. పటం చదవగలిగిన నేను ఆ అర్జీల్లో తప్పులు దిద్దాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆఖరి కోత ఇంకా చెట్ల మీదే ఉండగా కమలాల్ని నరికారు. పండ్లు బురదలో దొర్లుతుంటే కూలివాళ్ళు బూట్లతో తన్నుకున్నారు. నీలం గేటుని లారీ మీదికి విసిరేశారు. ఏప్రిల్‌కల్లా కాంక్రీటు గోడ లేచింది, మనిషికి రెండింతలు. జుజునా వంటింటి కిటికీకి ఇప్పుడు మధ్యాహ్నం రెండు గంటలకే చీకటి పడుతుంది. సముద్రం చప్పుడు మాత్రం గోడ మీంచి వినిపిస్తూనే ఉంటుంది. అది ఇంకా కడుపుమంట.

జూన్ వచ్చింది. మొదటి రైలుకి మేమంతా అట్టలతో స్టేషనుకి వెళ్ళాం. జుజునా కూడా వచ్చింది, కొత్త అట్టతో. దాని మీద రాత చూసి మా ఆడవాళ్ళు నోళ్ళు తెరిచారు.

"గది ఉంది. సముద్రం పదిహేడు నిమిషాలు."

గోడ చుట్టూ తిరిగి, కంపెనీ గేటు దాటి, పెద్ద రోడ్డు మీదుగా వెళ్ళి వాచీ పెట్టి చూసుకుందట. కొండ మీది ఆవిడ నవ్వలేక చచ్చింది. "పిచ్చిదానా, నాకే రెండు నిమిషాలు! నీకు పదిహేడేమిటి? ఎవరొస్తారే?" నిజంగానే ఎవరూ రాలేదు. మూడు గదుల్లో ఒకటే నిండింది, అదీ నడవడం మంచిదని డాక్టరు చెప్పిన ఒక ముసలి జంటతో. నేను బతిమాలాను, కొట్టేసి రెండని రాయమని. వినలేదు. పగలంతా రోడ్డు వారన పెద్ద గిన్నెలో మొక్కజొన్న పొత్తులు ఉడికించి అమ్మడం మొదలుపెట్టింది. అరవై ఐదో ఏట, ఆ ఎండలో, ఆ ఆవిరిలో.

ఆగస్టు పదో తారీకు మిట్టమధ్యాహ్నం. పొత్తుల గిన్నె వాకిట్లోకి తెచ్చి నీళ్ళు మారుస్తోంది. ముసలి జంట పందిరి కింద అన్నానికి కూచుంది. నేను కంచె దగ్గర బట్టలు ఆరేస్తున్నాను.

"అమ్మా!"

వీధి గేటు బయట రేవజ్. చంకలో పుచ్చకాయ! వెనక మనానా నేల చూపులు చూస్తోంది. పక్కన పన్నెండేళ్ళ తాతియా, తల్లంత పొడుగైంది. నా చేతిలో తడి దుప్పటి అలాగే ఉండిపోయింది. సిగ్గు, శరం ఏ బజార్లో అమ్ముకున్నాడో అనుకున్నాను. జుజునా పెద్ద గరిటె గిన్నె మీద అడ్డంగా పెట్టింది. నడుముకి కట్టుకున్న గుడ్డతో చేతులు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"నీకు నా మీద కోపం లేదని తెలుసమ్మా," రేవజ్ గేటు మీదుగా గబగబా చెప్పుకుపోతున్నాడు. "ఆ రోజు అంతమంది ముందూ చుట్టమన్నావు చూడు, అప్పుడే అర్థమైంది. కంపెనీ చెప్పిన పని, నా చేతుల్లో ఏముంది చెప్పు? తర్వాత ఉద్యోగం కూడా పోయిందనుకో. ఎలా వచ్చి మొహం చూపించాలా అని ఇన్నాళ్ళూ..."

దేవుడా, ఇప్పుడు గేటు తీస్తుంది, అనుకున్నాను. తీస్తే నేనే దూకి వాడి తల మీద ఆ పుచ్చకాయ పగలగొట్టాలని కంచె పట్టుకున్నాను.

జుజునా గేటు దాకా వెళ్ళింది. గడియ మీద చెయ్యి వేసి, తీయకుండా అలాగే ఉంచింది.

"నమస్కారమండీ. గది కావాలా?"

రేవజ్ నవ్వాడు. "అమ్మా, నేనే!"

"వీధి వైపు గది ఒకటి ఖాళీగా ఉందండీ. రోజుకి నలభై లరి, వారం డబ్బు ముందే ఇవ్వాలి. పొద్దున్న ఒక బకెట్టు వేడినీళ్ళు. వంటింట్లోకి రాకూడదు. సముద్రం పదిహేడు నిమిషాలండీ, ముందే చెబుతున్నాను. మీ పేరు చెబితే పుస్తకంలో రాసుకుంటాను."

పందిరి కింద ముసలాయన చెంచా నోటి దగ్గరే ఆగిపోయింది. ఎదురింటి కిటికీలో ఇద్దరు తలలు పెట్టారు. రేవజ్ మొహంలో నవ్వు ఇంకా ఉంది, దాన్ని ఏం చెయ్యాలో ఆయనకి తెలియలేదు.

"నన్ను... నన్ను 'మీరు' అంటావేంటమ్మా?"

"సీజనులో వచ్చినవాళ్ళని అలాగే అంటామండీ."

మనానాకి ముందు అర్థమైంది. మొగుడి చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది. "పదండి," అంది. "పదండి, ఇంక చాలు."

"ఒసే తాతియా, నువ్వు ఇలా రా," జుజునా పిలిచింది. గిన్నెలోంచి ఒక పొత్తు తీసి, దాని ఆకులోనే చుట్టి, ఉప్పు చల్లి గేటు మీంచి అందించింది. "ఎంత పొడుగయ్యావే! నువ్వు ఎప్పుడైనా రావచ్చు. వంటింటి తలుపు ఎక్కడుందో తెలుసుగా." పిల్ల తీసుకుంది. తండ్రి వైపు చూడలేదు.

రేవజ్ పుచ్చకాయని గేటు గుంజ పక్కన నేల మీద పెట్టాడు. ముగ్గురూ నడిచారు. సందు మలుపు దాకా వెళ్ళారు. అప్పుడు జుజునా జీవితంలో మొదటిసారి గొంతు పెంచింది.

"ఏమండీ! మీ పుచ్చకాయ మరిచిపోయారు!"

వెనక్కి వచ్చాడు. వీధంతా చూస్తుండగా వంగి దాన్ని ఎత్తుకుని వెళ్ళాడు.